ఉప్పుబాట గాడిద

పాత గేమ్ పెట్టె ఎవరైనా బల్ల మీద పెడితే, పట్టకారక్క ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపుతుంది. గలగలమంటే ఏదో స్క్రూ ఊడిందన్నమాట. గరగరమంటే బొద్దింకలు. వెచ్చగా ఉంటుంది కదా, లోపల కాపురాలు పెట్టేస్తాయి. మూత తీస్తే రెక్కలు, గుడ్లు, ఎండిపోయిన శవాలు, వాటి మధ్య ఎవరి తలవెంట్రుకలో, ఎవరు నమిలి అంటించిన బబుల్‌గమ్మో. సిగరెట్లు కాల్చేవాళ్ళ ఇంటి పెట్టెలయితే లోపలంతా పచ్చటి జిడ్డు, ముట్టుకుంటే వేలు అంటుకుపోతుంది. తెచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని గుమ్మం దాకా వెనక్కి పోతారు. అది తమ ఇంట్లోంచే వచ్చిందన్న సంగతి ఆ క్షణాన వాళ్ళకి గుర్తుండదు.

ఆవిడ మాత్రం సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేస్తుంది. పేరు అలా వచ్చిందే. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు; ఆయన పక్కన పీట వేసుకుని కూర్చునే చిన్నప్పుడే పట్టకారు చేతికి అలవాటయింది. పెళ్ళయ్యాక మొగుడి టీవీ షాపులో చేరింది. టీవీలు బాగుచేయించుకునే రోజులు పోయాక పాత గేమ్ పెట్టెల మీద పడింది. "నీకు అసహ్యం వెయ్యదా అక్కా?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "పురుగుకేం తెలుసు పాపం, వెచ్చగా ఉందని వచ్చింది" అంటుంది. ఆవిడకి అసహ్యం పుట్టించేవి వేరే ఉన్నాయి. ఈ మధ్య వాటిల్లో మొదటిది మొగుడే.

మొగుడుగారిని వీధిలో అందరూ 'చరిత్ర' అంటారు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం మానేసి, షాపు వెనక గదిలో కెమెరా, లైట్లు పెట్టుకుని వీడియోలు చేయడం మొదలుపెట్టాక అంటుకున్న పేరది. ఆయన చెప్పే చరిత్ర రాజులది కాదు, రాజ్యాలది కాదు. ఒక జపాన్ ఆటది. దాని అసలు పేరు మనకు నోరు తిరగదు. ఆడేవాళ్ళంతా 'ఉప్పుబాట' అంటారు. మొదటి భాగం వచ్చినప్పుడు చరిత్రగారు నిక్కర్లలో ఉన్నాడు. ఇప్పుడాయన జుట్టుకి రంగు వేస్తున్నాడు, ఆట మాత్రం ఇంకా వస్తూనే ఉంది.

మొదటి ఉప్పుబాట చాలా చిన్న ఆట. సముద్రం ఒడ్డు నుంచి కొండ మీది ఊళ్ళకి ఉప్పు మోసుకెళ్ళే నలుగురు మనుషులు, ఒక గాడిద. అంతే. దారిలో దొంగలు, తేళ్ళు, దయ్యాలు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వంతుగా దెబ్బ వేయాలి, దెబ్బ తినాలి. రెండో భాగంలో ఎడారి వచ్చింది, గాడిద నుంచి రాక్షసుడి దాకా అందరికీ పేర్లు పెట్టుకునే వీలు వచ్చింది, ఆట ఎక్కడ ఆపితే అక్కడ దాచుకునే సదుపాయం వచ్చింది. క్యాసెట్‌లో మూడు అరలు ఉండేవి, ముగ్గురు ఎవరి ఆట వాళ్ళు దాచుకోవచ్చు. మూడో భాగంలో యుద్ధాలు తెచ్చారు. ఆ తర్వాత క్యాసెట్లు పోయి డిస్కులొచ్చాయి, ఉప్పు మోసేవాళ్ళ జుట్టు నడుం దాకా పెరిగింది, ఆడవాళ్ళ బట్టలు చూస్తే ఎడారిలో ఎండకి మాడి చస్తారే అనిపించేలా తయారయ్యాయి. ఎనిమిదో భాగంలో గాడిదని తీసేసి మోటార్‌సైకిల్ పెట్టారు. ఇక ఫోన్లో వచ్చిన ఆఖరిదాన్ని ఆట అనడానికి పట్టకారక్కకి మనసొప్పదు. ఉప్పు కొనుక్కోవాలి, దారి కొనుక్కోవాలి, గాడిదకి బంగారు తోలు కావాలంటే లాటరీ పెట్టె తెరవాలి. "ఛీ! గాడిదకి బంగారు తోలేమిటండీ, సిగ్గులేకపోతే సరి" అందావిడ దాన్ని చూసినప్పుడు. మొగుడు ఆ మాటని తన మాటగా వీడియోలో వాడుకున్నాడు. అందరూ ఆహా ఓహో అన్నారు.

అదీ ఓర్చుకుంది. ఓర్చుకోలేని సంగతి వేరే ఒకటి జరిగింది.

పాత క్యాసెట్లలో గుండీ అంత బ్యాటరీ ఉంటుంది. దాచుకున్న ఆటకి ఊపిరి అదే. అది చచ్చిందంటే ఆట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నారు: క్యాసెట్ రాగానే లోపలి మూడు అరల్నీ కంప్యూటర్లోకి కాపీ తీయాలి, బ్యాటరీ మార్చాలి, ఆటని మళ్ళీ లోపల పెట్టాలి, ఆ తర్వాత కంప్యూటర్లో కాపీని చెరిపేయాలి. మొదటి మూడు పనులూ పట్టకారక్కవి, చెరిపేయడం మొగుడిది. కంప్యూటర్ ఆయన గదిలో ఉంటుంది కాబట్టి అలా కుదిరింది. మనుషుల ఆటలు మనకెందుకు అని ఆవిడ వాటికి పేర్లు కూడా రాసేది కాదు, వరుస నంబర్లు వేసేది.

ఆయన ఒక్కటి కూడా చెరపకుండా వేరే ఫోల్డర్లో దాచుకున్నాడని ఆవిడకి తెలియదు.

తెలిసింది వీడియోలోనే. రెండో భాగం చరిత్ర చెబుతూ, "మనవాళ్ళు ఎలాంటి పేర్లు పెట్టుకునేవారో చూద్దాం రండి" అని మొదలుపెట్టాడు. ఊళ్ళో వాళ్ళ ఆటలన్నీ ఒక్కొక్కటే తెర మీదికి తెచ్చాడు. ఎవరో కుర్రతనంలో ప్రేమించిన పిల్ల ముద్దుపేరు హీరోయిన్‌కి పెట్టుకున్నాడు. ఎవరో లెక్కల మాస్టారి పేరు రాక్షసుడికి పెట్టారు. ఇంకెవరో చచ్చిపోయిన కుక్కపిల్ల పేరు వైద్యుడికి పెట్టి, దాన్ని ఒక్కసారి కూడా పోట్లాటకి పంపలేదు. చరిత్రగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. కింద కామెంట్లలో జనం రాసిన రాతలు సగం దాకా చదివి పట్టకారక్క ఫోన్ బోర్లా పెట్టేసింది. బొద్దింకలు ఎంతో నయం, రాయడం రాదు వాటికి.

ఆ వీడియోలో అన్నిటికంటే బాగా పేలింది ఒక గాడిద. ఎవరో నాయకుడికి 'నేను' అని పేరు పెట్టారు, గాడిదకి 'దొర' అని. ఆ గాడిదని ఎడారి నడిబొడ్డున నీళ్ళు లేని చోట వదిలేశారు. ఆ ఆటలో నీళ్ళు లేకపోతే గాడిద పడిపోతుంది. పక్కకు వెళ్ళిన ప్రతిసారీ 'లేపి వెంట తీసుకెళ్తావా?' అని అడుగుతుంది, అవునంటే లేస్తుంది. ఈ మనిషి అవునన్లేదు. వందల గంటలు ఆడారు, కథలో అడుగు ముందుకు వెయ్యలేదు. ఊళ్ళోంచి ఎడారిలోకి, ఎడారిలోంచి ఊళ్ళోకి. "మా నాన్నని కూడా వీధంతా దొర అనే పిలిచేది, ఆయన అదృష్టం కొద్దీ గాడిదగా పుట్టలేదు!" అని చరిత్రగారు జోకు వేశాడు. "ఎవరండీ ఈ 'నేను'? కనిపెట్టినవాళ్ళకి ఉప్పుబాట మొదటి క్యాసెట్ బహుమానం!"

ఆ సాయంత్రం కొడుకు వీడియోని అలవాటు ప్రకారం హాల్లో పెద్ద టీవీలో చూస్తోంది అత్తగారు. ఆవిడకి ఆ ఆటల సంగతి ఏమీ తెలియదనే అందరి నమ్మకం; కొడుకు మొహం చూడ్డానికి కూర్చుంటుందని అనుకునేవారు. గోడ మీద మామగారి పటం. గోదాం సూపర్‌వైజర్‌గా పనిచేసిన మనిషి, ఇస్త్రీ మడత నలగనివ్వడు, ఎదురుగా ఎవరైనా కూర్చుంటే సహించడు, అందుకే దొర. పట్టకారక్క కాపురానికొచ్చేసరికే ఆయన పోయాడు. ఆయన గొప్పతనం గురించి కొడుకులిద్దరూ చెప్పగా వినడమే. తెర మీద గాడిద కనపడగానే అత్తగారు చేతిలో టీ గ్లాసు కింద పెట్టి, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది: "ఆ మూడో అరది నువ్వు చెరపలేదా అమ్మాయ్?"

పట్టకారక్క చేతిలో గిన్నె పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగింది. వీడియోలో అర సంగతే రాలేదు. మొన్నామధ్య ఇంట్లో అటక మీది క్యాసెట్ తీసి బ్యాటరీ మార్చినప్పుడు, ఒకటో అర బావగారిది, రెండోది మొగుడిది అని ఆవిడకి తెలుసు. మూడోదాని గురించి ఆలోచించనే లేదు. అన్నిటితో పాటు కాపీ తీసి నంబరు వేసింది.

"మీరా అత్తయ్యా?"

"పిల్లలు స్కూలుకెళ్ళాక ఇంట్లో ఏం చెయ్యను? వాళ్ళు ఆడుతుంటే చూసి నేర్చుకున్నా. మూడోది ఖాళీగా ఉంది కదా అని." ఉల్లిపాయ తరగడం ఆపలేదు ఆవిడ. "మీ మామగారు చెయ్యి చేసుకునేవారు. అన్నం పలుకైతే కొట్టేవారు, మెత్తనైతే కొట్టేవారు. ఈ బొటనవేలు తలుపు సందున పడిందని చెప్పాగా నీకు. తలుపు కాదు."

"మీ అబ్బాయిలకి తెలీదా?"

"గోడకి చెవులుంటాయంటారు, మరి వాళ్ళకి లేకుండా పోతాయా? తెలుసు. తెలియనట్టుండడం అలవాటయింది, అంతే. నేనూ అలాగే ఉన్నా." కత్తి కడిగి పక్కన పెట్టింది. "నాకంటూ ఉన్నది అదొక్కటేనే. దాన్ని చూసి ఊరంతా నవ్వారు. ఎలాగైనా దాన్ని నాకు మిగల్చు."

పట్టకారక్క తిన్నగా షాపు వెనక గదికి వెళ్ళింది. "చెరిపేశానని నాతో ఎన్నిసార్లు చెప్పారు?" అని మొగుణ్ణి నిలదీసింది.

"అబ్బ, చెరిపితే చరిత్ర ఏముంటుందోయ్! ఇవన్నీ రేపటి తరానికి..."

"జనం మనల్ని నమ్మి ఇచ్చారు. బ్యాటరీ మార్చమని ఇచ్చారు, బజార్లో ఆరేయమని కాదు."

"పేర్లు చెప్పలేదుగా!" అన్నాడాయన, పైగా తనకే అన్యాయం జరిగినట్టు మొహం పెట్టి. ఆ మొహం చూస్తే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఈ మనిషి బద్ధకం చూసింది, గొప్పలు చూసింది, సర్దుకుపోయింది. ఇది మాత్రం మింగుడు పడలేదు. అత్తగారి సంగతి చెబుదామని నోటిదాకా వచ్చినా ఆపుకుంది, చెబితే ఏం చేస్తాడో తెలుసు కనక.

చెప్పకపోయినా తెలిసిపోయింది. 'నేను' ఎవరో కనిపెట్టమని జనం గోల పెడుతుంటే, చరిత్రగారు తనే ఆ ఫైలు నంబరు తీసి చూశాడు. దాని ముందు నంబరులో తన ఆట ఉంది. ఇంకా ముందుదాంట్లో అన్నయ్య ఆట. ఒకే క్యాసెట్. ఇంటి క్యాసెట్.

ఆ రోజు మాత్రం ఆయనకీ అసహ్యమే వేసింది. ఎవరి మీద అనుకున్నారు? తల్లి మీద. "ఛీ, నాన్నని గాడిదని చేసి, ఎండలో పడేసి... ఎంత విషం పెట్టుకుందే అమ్మ!" అని పెళ్ళాంతో అన్నాడు. అన్నయ్యకి ఫోన్ చేశాడు. బావగారు ఊగిపోతూ వచ్చాడు. పరువు, వంశం, నాన్న పేరు, చుట్టాలేమంటారు. ఇద్దరూ హాల్లో పటం కింద కూర్చుని మాట్లాడుకున్నారు, అత్తగారు పక్క గదిలో ఉండగానే. ఆవిడని అడగాలని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు.

రెండు రోజులకి చరిత్రగారి అసహ్యం దిగిపోయి, దాని చోట ఉత్సాహం వచ్చింది. ఈ మార్పు చూశాకే పట్టకారక్కకి నిజంగా అసహ్యమేసింది.

"ఆఖరి భాగం దొరికిందోయ్! 'నేను' మా అమ్మేనని చెబుతా. అమ్మ కెమెరా ముందు కూర్చుని ఆ మూడో అర తెరుస్తుంది, ఎడారిలోకి వెళ్తుంది, నాన్నని లేపి ఇంటికి తెచ్చుకుంటుంది. పక్కనే నాన్న పటం. జనం ఏడ్చేస్తారు! అన్నయ్య కూడా ఒప్పుకున్నాడు, పరువు కూడా దక్కుతుందని."

"అత్తయ్య తీసుకురానంటే?"

"నా దగ్గర కాపీ ఉందిగా. కంప్యూటర్లో నేనే ఆడి, నాన్నని ఇంటికి తెచ్చి, అదే క్యాసెట్‌లోకి ఎక్కించేస్తా. చేతులు మాత్రం అమ్మవి చూపిస్తా."

అంటే అత్తగారికి మిగిలిన ఆ ఒక్కటీ కూడా వీడి చేతిలోనే ఉందన్నమాట. మొగుడు పక్క వీధిలో కొత్త లైట్లు కొనడానికి వెళ్ళినప్పుడు పట్టకారక్క వెనక గదిలో కూర్చుని, తను కాపీ తీసినవన్నీ, ఊళ్ళో వాళ్ళవి, ఇంట్లో వాళ్ళవి, మొగుడి చిన్నప్పటి ఆటతో సహా, ఒక్కటి మిగలకుండా చెరిపేసింది. తర్వాత క్యాసెట్ తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టింది. "ఇక ఉన్నది ఇందులోదే అత్తయ్యా. ఇది పోతే నేను కూడా తేలేను. దాచేయండి, కనపడలేదని చెబుదాం."

ముసలావిడ క్యాసెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దాచడమెందుకు? ఆడమన్నాడుగా, ఆడతా" అంది.

ఎంత చెప్పినా వినలేదు. ఆ పూట చరిత్రగారు ఇంట్లో చేసిన వీరంగం ఇంతా అంతా కాదు. "నా చరిత్ర మొత్తం నాశనం చేశావు కదే!" అని కేకలు వేశాడు. తల్లి ఒప్పుకుందని తెలిశాక ఉన్నట్టుండి చల్లబడి, "చూశావా, అమ్మది ఎంత పెద్ద మనసో!" అన్నాడు. పెళ్ళాం మొహం తిప్పేసుకుంది.

చెప్పిన రోజు హాల్లో పాత టీవీ పెట్టారు, పటం దించి టీవీ పక్కన స్టూలు మీద నిలబెట్టారు, దానికి ప్రత్యేకంగా ఒక లైటు. బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి సోఫాలో తండ్రిలాగే కూర్చున్నాడు. పెట్టె కనెక్షన్ ఇచ్చింది పట్టకారక్కే, ఇంకెవరిచేతా ముట్టుకోనివ్వలేదు. ఎక్కడ మొగుడు రిమోటు లాక్కుని 'అవును' నొక్కేస్తాడోనని అత్తగారి కుర్చీకి ఆనుకునే నిలబడింది.

అత్తగారు రిమోటుని బొటనవేలు ఆనకుండా, వేళ్ళ మీద పట్టుకుంది. మూడో అర తెరిచింది. ఆవిడ వేళ్ళు దారి వెతుక్కోలేదు. ఊరు దాటింది, బావి దాటింది, తేళ్ళు వస్తే తప్పుకుంది, ఇసుకలో ఎక్కడా ఆగకుండా గాడిద దగ్గరికి చేరింది. అది పడి ఉంది. 'దొరని లేపి వెంట తీసుకెళ్తావా?' అని అడిగింది ఆట.

చరిత్రగారు కెమెరా వెనక నుంచి రెండు చేతులూ జోడించి, నొక్కమ్మా నొక్కు అని సైగ చేస్తున్నాడు.

అత్తగారు 'వద్దు' నొక్కింది.

"అమ్మా!" అన్నాడు బావగారు. "ఏమిటే ఇది? అంత కోపం ఉంటే మళ్ళీ రోజూ అక్కడికెందుకు పోయేదానివి? వందల గంటలు! ప్రేమ లేకపోతే పోతారా ఎవరైనా?"

"మళ్ళీ లేచాడేమోనని చూసుకోడానికిరా" అంది అత్తగారు. "లేవలేదని చూసుకుంటే, ఆయన ఇంటికొచ్చే లోపల కాస్త అన్నం తినబుద్ధయ్యేది."

"మరి నాన్న పోయాక కూడా ఆడావు, ఆఖరుగా దాచిన తేదీ చూశా" అన్నాడు చరిత్రగారు, గొంతు తగ్గించి.

"పోయాకే ఎక్కువ వెళ్ళా."

సోఫాలో బావగారు తల వంచుకున్నాడు. పట్టకారక్క చెయ్యి దానంతటదే అత్తగారి భుజం మీదికి వెళ్ళింది. ఇక మొగుడు ఈ కెమెరా కట్టేస్తాడు, తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంటాడు అనుకుంది ఆవిడ. మొగుడు కళ్ళు తుడుచుకోవడం కూడా చూసింది. అతను నిజంగానే కెమెరా వెనక నుంచి లేచి వచ్చి, తల్లికీ టీవీకీ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ చేతులు పట్టుకున్నాడు.

"అమ్మా, అద్భుతం. ఆ 'పోయాకే' అన్న మాట ఉంది చూడు, అది మళ్ళీ ఒక్కసారి, కెమెరా వైపు చూస్తూ చెప్పు. నీ మొహం మీద లైటు పడలేదు."

పట్టకారక్క నోట్లోంచి "థూ" అని వచ్చేసింది. మొగుడు ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశాడు. తల్లి అతని చేతుల్లోంచి తన చేతులు లాక్కుంది.

"అడ్డు లేవరా" అంది. "ఆట దాచుకోవాలి."